తండ్రి పేరు లేని సింహాసనం

పదమూడవ శతాబ్ది పూర్వార్ధము ముగియవచ్చిన కాలమున, సిరియా దేశమందలి హమా పట్టణమునకు ఒక బానిసల వర్తకుడు ఇద్దరు తురుష్క కుర్రవాండ్రను అమ్మకమునకు తెచ్చెను. పట్టణ ప్రభువు వారిని కొనదలచి లోపలికి రప్పింపగా, చాటున నిలిచి చూచిన ఆయన తల్లి, ఆ నల్లనివానిని మాత్రము కొనవలదనియు, వాని కంటిలో కీడు కనబడుచున్నదనియు కుమారుని వారించినదని ఒక కథ ఆనాటి నుండి నిలిచియున్నది. ఆ నల్లనివాడు పొడగరి, కంఠస్వరము గంభీరమైనవాడు, కన్నులు నీలములు. అందొక కంటిలో పువ్వు కలదు. అంతకు పూర్వమే ఒకడు వానిని 800 దిర్హములకు బేరమాడి కొని, కంటిలోని ఆ పువ్వును గమనించిన పిదప వర్తకునికి తిరుగగొట్టెనని కూడ చెప్పుదురు. ఈ విధముగ ఒకరు వద్దని, ఒకరు వాపసు చేసిన ఆ బాలుని పేరు బైబర్సు. 1260లో అతడు ఈజిప్టు, సిరియా దేశములకు సుల్తానై, 17 సంవత్సరముల పాటు ఏలి, ఆనాటి క్రైస్తవ రాజులకును, మంగోలు ఖానులకును నిద్రలేకుండ చేసెను.

బానిసగ బ్రతుకు మొదలిడినవాడు రాజగుట లోకచరిత్రలో అక్కడక్కడ కనబడు విశేషమే. కాని కైరో నగరమున 1250 నుండి 1517 వరకు, 267 సంవత్సరములు సాగిన మమ్లూకుల, అనగా కొనబడిన బానిస యోధుల, పాలన అట్టి విశేషముల కోవలోనిది కాదు. అచ్చట ఒకానొకప్పుడు సంతలో అమ్ముడుపోయియుండుటయే అధికారమునకు అర్హత. స్వతంత్రుడై పుట్టినవాడు, వాడు సాక్షాత్తు సుల్తాను కుమారుడైనను సరే, ఆ సైనికశ్రేణిలో చేరుటకు అనర్హుడు. తల్లిదండ్రులనుండి వేరుచేయబడి, పరదేశమునకు వచ్చి, పరభాష నేర్చి, పరమతము స్వీకరించినవానికే గుఱ్ఱము, ఖడ్గము, జాగీరు, కడకు సింహాసనము. రక్తసంబంధమును కూకటివ్రేళ్లతో పెకలించి దాని స్థానమున విశ్వాసమును నాటదలచిన ఆ ఏర్పాటును అన్నిటికంటె ఎక్కువగ బాధించినది శత్రుసేనలు కాదు, తండ్రికి కొడుకుపై గల ప్రేమ అని నాకు తోచుచున్నది. ఆ చరిత్రను ఎక్కడ తెఱచి చూచినను ఈ పెనుగులాటయే కనబడును.

ఈ పద్ధతి కైరోలో పుట్టినది కాదు. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు ఖలీఫా అల్ ముతసిం, తన చుట్టునున్న అరబ్బు, పారసీక కుటుంబముల పక్షపాతములతో విసిగి, చుట్టములు గాని, పూర్వబంధములు గాని లేని తురుష్క బానిసలను కొని సైన్యముగ కూర్చెను. వారికిని నగరవాసులకును పొసగకపోవుటచేత 836లో బాగ్దాదును విడిచి సమర్రా అను నూతన రాజధానిని నిర్మించుకొనెను. రాజునకు తప్ప అన్యులకు కట్టుబడని సైన్యము, ఆ రాజు పోయిన పిమ్మట ఎవరికి కట్టుబడవలెనన్న ప్రశ్నకు అచ్చట సమాధానము లేకపోయెను. 861లో అతని కుమారుడైన ముతవక్కిలును తురుష్క రక్షకభటులే సంహరించిరి. తరువాతి తొమ్మిదేండ్లలో నలుగురు ఖలీఫాలు మారిరి. ఆ కల్లోలములోనే, బుఖారా నుండి కానుకగ పంపబడిన ఒక బానిస కుమారుడు ఇబ్న్ తూలూన్ 868లో ఈజిప్టునకు పాలకుడై వెళ్లి, ఇంచుమించు స్వతంత్ర రాజ్యమునే నెలకొల్పెను. మన దేశస్థులకు దండయాత్రల వలన బాగుగ ఎఱుకపడిన గజనీ మహమ్మదు తండ్రి సబుక్తగీను సహితము అంగడిలో కొనబడినవాడే.

ఇంతమంది బాలురు ఎచ్చటినుండి వచ్చిరని అడుగుట న్యాయము. నల్లసముద్రమునకు ఉత్తరమున విశాలమైన గడ్డిమైదానములలో కిప్చాకులను తురుష్క జాతివారు గుఱ్ఱములను, గొఱ్ఱెలను మేపుకొనుచు సంచరించెడివారు. 1237 మొదలు 1241 వరకు బాతుఖానుని మంగోలు సేనలు ఆ మైదానములను తుడిచిపెట్టినప్పుడు చావగా మిగిలినవారు చెదరిపోయిరి. బిడ్డలు చెఱపడి సంతలకు చేరిరి. ఈజిప్టు సుల్తాను సాలిహ్ అయ్యూబు అట్టివారిని వందలకొలదిగ కొని, నీలనది నడుమనున్న రౌదా ద్వీపమున కోట కట్టి అందు ఉంచెను. మంగోలుల గుఱ్ఱపుడెక్కల క్రింద ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న బిడ్డలే ఇరువదేండ్లు తిరుగకుండ ఆ మంగోలులకు ఎదురు నిలిచిరన్న సంగతి తలచునప్పుడెల్ల నాకు ఒడలు గగుర్పొడుచును.

కొనబడిన బాలుడు యోధుడగుటకు పట్టిన దారిని కొంచెము దగ్గఱగ చూతము. తరువాతి కాలమున కైరో కొండకోటలో తిబాకులు అను సైనికావాసములు ఏర్పడెను. ఒక్కొక్క గదిలో ఒకే ప్రాంతమునుండి వచ్చిన బాలురు. వారికి కాపలా నపుంసకులు. ఊరిలోని వారితో కలియుటకు వీలులేదు. మొదట ఒక మతగురువు ప్రతిదినము వచ్చి అరబ్బీ అక్షరములు దిద్దించి, ఖురాను వల్లింపజేసి, నమాజు నేర్పును. నూనూగు మీసములు వచ్చిన పిమ్మట యుద్ధవిద్య. కొయ్యతో చేసిన గుఱ్ఱముపైకి ముందు ఉత్తచేతులతో, పిదప ఆయుధములు ధరించి ఎగిరి కూర్చుండుట నేర్చినవానికి గాని ప్రాణమున్న గుఱ్ఱము నిచ్చెడివారు కారు. ఖడ్గము పట్టిన కుర్రవాడు దినదినము తడి బంకమట్టిముద్దను నఱకుచు, దెబ్బ ఎంతలోతున దిగవలెనో అంతకు ఒక వ్రేలైనను మించకుండ చేతిని అదుపునకు తెచ్చుకొనవలెను. ఎత్తైన స్తంభము కొనను సొరకాయను కట్టి, గుఱ్ఱమును దౌడు తీయించుచు, స్తంభమును దాటునప్పుడు జీనుపై వెనుకకు వాలి పైకి బాణము వేసి దానిని కొట్టుట వారికి వినోదమును, పరీక్షయును కూడ.

శిక్షణ ముగిసిన నాడు సామూహికముగ విడుదల ఉత్సవము జరుగును. వానికి విముక్తి పత్రమును, గుఱ్ఱమును, విల్లమ్ములను, ఖడ్గమును ఇచ్చెదరు. ఆ క్షణమునుండి వాడు బానిస కాడు. అయినను కొని విడిపించిన యజమాని వానికి తండ్రి. ఆ యజమానియొద్దనే పెరిగి విడుదలయైనవారందరు అన్నదమ్ములు. ఈ బంధమే వారి రాజకీయమునకెల్ల ప్రాణము. యోగ్యుడైనవాడు పదిమందికి అమీరగును, పిదప నలువదిమందికి, తుదకు నూరుమందికి. మమ్లూకుల పేర్లు శాసనములలోను, పత్రములలోను వ్రాయునపుడు తండ్రి పేరు ఉండవలసిన చోట చాలమందికి అబ్దుల్లా అని ఉండును. దైవసేవకుడను అర్థము గల ఆ పేరు ఎవరికైనను చెల్లును గనుక, ఎక్కడో గడ్డిమైదానమున మిగిలిపోయిన అసలు తండ్రికి బదులుగ దానిని వ్రాసిరి.

వీరు అధికారమునకు వచ్చిన విధము ఒక నాటకమువలె నడచినది. అందు ప్రధానపాత్ర ఒక స్త్రీ. 1249 జూను మాసమున ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ ఓడలపై దండెత్తివచ్చి దమియెట్టా రేవును పట్టుకొనెను. సుల్తాను సాలిహ్ అయ్యూబు వ్యాధిగ్రస్తుడై, మన్సూరా శిబిరమున నవంబరులో మరణించెను. శత్రువు ఎదుట నిలిచియున్నపుడు రాజు మరణవార్త పొక్కినచో సేన విచ్చిపోవుట నిశ్చయము. ఆయన భార్య షజరుద్దురు, తానును ఒకప్పుడు కొనబడి వచ్చినదే, గుండె దిటవు చేసికొని ఆ మరణమును దాచెను. వేళకు భోజనము సుల్తాను గుడారములోనికి వెళ్లుచుండెను. వైద్యులు వచ్చి పోవుచుండిరి. ఆజ్ఞాపత్రములు ఆయన చేవ్రాలును పోలిన చేవ్రాలుతో వెలువడుచుండెను. దూరమున హిస్న్ కైఫాలోనున్న రాజకుమారుడు తూరాన్‌షాను పిలిపించుటకు వార్తాహరులు వెళ్లిరి. 1250 ఫిబ్రవరిలో ఫ్రెంచి ఆశ్వికులు మన్సూరా వీధులలోనికి చొచ్చుకొని రాగా, రౌదా ద్వీపపు మమ్లూకులు వారిని ఇరుకు సందులలో చిక్కించి మట్టుపెట్టిరి. ఏప్రిలు మాసమున లూయీ రాజే బందీయయ్యెను.

అంతలో వచ్చిన తూరాన్‌షా తండ్రి పెంచిన యోధులను ప్రక్కకు నెట్టి, తన వెంట వచ్చినవారికి పదవులు పంచసాగెను. మే 2వ తేదీన మమ్లూకులు అతనిని హతమార్చిరి. దాడి చేసినవారిలో బైబర్సును ఉండెను. అప్పుడు వారు సింహాసనమున కూర్చుండబెట్టినది షజరుద్దురును. ఆమె బిడ్డ ఖలీలు అంతకు పూర్వమే మరణించినను, ఆమె ఖలీలు తల్లి అను బిరుదముతోనే పత్రములపై సంతకము చేసెను; నాణెములపైనను ఆ మాతృత్వమునే పేర్కొనిరి. గతించిన బిడ్డ పేరు తప్ప తన హక్కునకు ఆధారము వేఱొకటి చూపుకొనలేని ఆమె స్థితి నన్ను మిక్కిలి కదిలించును. బాగ్దాదు ఖలీఫా స్త్రీపాలనను అంగీకరింపనందున సుమారు 80 దినములకే ఆమె సింహాసనము దిగి, ఐబక్ అను అమీరును పెండ్లాడి, అతనిని సుల్తానుగ చేసెను. అధికారపు పగ్గములు మాత్రము విడువలేదు. ఏడేండ్లకు ఆ దాంపత్యము విషమై, 1257లో ఐబక్ స్నానశాలలో హత్యకు గుఱియయ్యెను. కొలది దినములకే ఆమెయును హతురాలయ్యెను. కైరోలో ఆమె కట్టించుకొనిన సమాధి నేటికిని ఉన్నది. దాని మిహ్రాబులో గాజుపలుకులతో ముత్యాలచెట్టును చిత్రించిరి. అది ఆమె పేరునకు రూపము.

1258 ఫిబ్రవరిలో మంగోలు ఖాను హులాగు బాగ్దాదును నేలమట్టము చేసి ఖలీఫాను చంపించెను. రెండేండ్లకు సిరియా నగరములు ఒక్కటొక్కటిగ పడిపోయెను. అప్పుడు కైరోలో సుల్తాను కుతుజు. అతడును బాల్యమున మంగోలుల చేతికి చిక్కి అమ్ముడుపోయినవాడని చెప్పుదురు. లొంగిపొమ్మని వచ్చిన మంగోలు దూతల తలలు నఱికించి జువైలా ద్వారమున వ్రేలాడగట్టించి, అతడు సేనతో ఉత్తరమునకు కదలెను. 1260 సెప్టెంబరు 3వ తేదీన పాలస్తీనా దేశమున ఐన్ జాలూత్ అను బుగ్గచెంత ఇరుసేనలు తలపడెను. హులాగు తన సేనలో అధికభాగముతో తూర్పునకు మరలిపోయియుండెననుటయు, వెనుక మిగిలిన కిత్‌బుగా సేనానియొద్ద బలము పరిమితమనుటయు నిజమే. ఆ సత్యమును మఱుగుపఱచి ఆ విజయమును కొండంతలు చేయనక్కఱలేదు. అయినను అంతవరకు మంగోలుల నడకకు అడ్డు నిలువదని నమ్మిన లోకమునకు, కిత్‌బుగా ఆ దినమున కూలుట వలన కలిగిన ధైర్యము సామాన్యమైనది కాదు.

విజయోత్సవమునకై అలంకరించుకొన్న కైరోకు కుతుజు చేరనే లేదు. త్రోవలో వేటకు వెళ్లినప్పుడు బైబర్సును అతని తోడివారును అతనిని పొడిచి చంపిరి. హంతకులు శిబిరమునకు రాగా, చంపినదెవరని పెద్ద అమీరు ఒకడు అడిగెననియు, నేనని బైబర్సు చెప్పగా, ఐతే నీవే సింహాసనమున కూర్చుండుమని ఆయన పలికెననియు చరిత్రకారుల కథనము. ఈ ఘట్టమును చదివి మమ్లూకులను కేవల హంతకులుగ తీసిపారవేయువారు కలరు. హత్య హత్యయే, దానిని కప్పిపుచ్చరాదు. కాని తండ్రి నుండి కొడుకునకు సంక్రమించు మార్గమే లేనిచోట, అధికారమెవరిదన్న ప్రశ్నకు కత్తి తప్ప వేఱు న్యాయాధిపతి లేకపోయెనన్న సంగతిని కూడ గమనింపవలెను.

హత్యతో మొదలైన ఆ పాలన మాత్రము శ్రమతో నిండినది. వంశగౌరవము లేదన్న లోటును పూరించుటకు బైబర్సు 1261లో, బాగ్దాదు నాశనమునుండి తప్పించుకొని వచ్చిన అబ్బాసీ వంశీయునొకనిని కైరోలో ఖలీఫాగ ప్రతిష్ఠించి, అతని చేతులమీదుగ రాజలాంఛనములు స్వీకరించెను. కైరోకును దమస్కసునకును నడుమ మజిలీమజిలీకి గుఱ్ఱములు మార్చు తపాలా ఏర్పఱచి, వార్త నాలుగు దినములలో చేరునట్లు చేసెను; పావురములచేత కూడ జాబులు పంపెను. 1265లో సిజేరియా, 1266లో సఫద్, 1268లో అంతియొకయ, 1271లో అభేద్యమని పేరుబడిన క్రాక్ దుర్గము అతని వశమయ్యెను. అంతియొకయలో అతని సేన చేసిన జనసంహారమును ఏ పొగడ్తయు కడిగివేయజాలదు. 1277లో దమస్కసున మరణించు వరకు అతడు జీను దిగి విశ్రమించినట్లే తోచదు. తరువాతి శతాబ్దములలో కైరో, దమస్కసు కాఫీ అంగళ్లలో కథకులు అతని గాథను రాత్రులతరబడి వినిపించెడివారు.

ఇంతటివాడును కొడుకు విషయమున తన కులధర్మమునకు లోబడలేకపోయెను. కులమని ఇచ్చట కొనబడినవారి కులమును ఉద్దేశించి అనుచున్నాను. తాను బ్రతికియుండగనే కుమారుడు బరకాను రాజ్యమునకు వారసునిగ ప్రకటించి, తన సహయోధుడగు కలావూను కుమార్తెతో వానికి వివాహము చేసి, అమీరులందరిచేత ప్రమాణములు చేయించెను. తండ్రి పోయిన రెండేండ్లకే ప్రమాణములు గాలికి పోయెను. బరకా పదవీచ్యుతుడయ్యెను, ఏడేండ్ల తమ్ముడు సలామిషు కొలది నెలలు పేరునకు రాజై తొలగెను, 1279లో కలావూనే సింహాసనమెక్కెను.

ఈ కలావూను సౌందర్యవంతుడగుటచే వెయ్యి దీనారములకు అమ్ముడుపోయినవాడు. ఆ వెలయే అల్ అల్ఫీ అను బిరుదమై జీవితాంతము అతని వెంట నడచెను. వయసు వచ్చిన పిదప ఈజిప్టు చేరినందున అతనికి అరబ్బీ చక్కగ పట్టుబడలేదు. దమస్కసులో వ్యాధిపడి నూరుద్దీను వైద్యశాల మందులతో కోలుకొన్నప్పుడు, దైవము తనకు రాజ్యమిచ్చినచో అట్టిదానిని కట్టింతునని మ్రొక్కుకొనెనట. ఆ మ్రొక్కు 1284-85లో కైరో నడిబొడ్డున నెరవేరెను. స్త్రీపురుష భేదము, ధనిక దరిద్ర భేదము లేక రోగులను చేర్చుకొన్న ఆ వైద్యశాల శతాబ్దములు నడచినది. దాని ప్రక్కనున్న అతని సమాధిమందిరమున తరువాతి కాలమందు క్రొత్త అమీరులు ప్రమాణములు చేసెడివారు. కొనబడినవారికి నిజమైన పితృమందిరము అదియే అయినది. కలావూను మాత్రము బైబర్సు సాధింపలేనిదానిని కొంత సాధించెను. అతని కుమారుడు ఖలీలు 1291లో అక్కా నగరమును పట్టి క్రూసేడు రాజ్యములకు తుది పలికెను. మఱొక కుమారుడు నాసిరు ముహమ్మదు రెండుసార్లు రాజ్యము కోల్పోయి, మూడవసారి 1310లో నిలద్రొక్కుకొని, 1341 వరకు ఏలెను. అతని తరువాత కొడుకులు, మనుమలు పేరునకు రాజులు, అమీరులు నిజమైన ఏలికలు. 1382లో బర్కూకుతో సర్కాసియా దేశపు మమ్లూకులు వచ్చి, కొనబడినవాని హక్కును తిరిగి నెలకొల్పిరి.

అదే గాలి ఢిల్లీలోను వీచెను. సంతానము లేదని విచారించినవారితో ఘోరీ మహమ్మదు, నా తురుష్క బానిసలే నా వేలకొలది కుమారులని చెప్పెనని పదమూడవ శతాబ్దిలోనే చరిత్రకారుడు జూజ్జానీ వ్రాసెను. అసూయాగ్రస్తులైన సోదరులచేత అమ్మబడిన ఇల్తుత్‌మిషు ఢిల్లీ నేలెను. కొడుకులకంటె కూతురు రజియా సమర్థురాలని ఎంచెను. మంగోలులు చెఱపట్టగా బాగ్దాదులో అమ్ముడుపోయి, ఇల్తుత్‌మిషు కొలువు చేరిన బల్బను 1266లో సుల్తానయ్యెను. అతడు తాను పురాణపురుషుడగు అఫ్రాసియాబు వంశజుడనని చాటుకొనెను. జ్యేష్ఠకుమారుడు మంగోలులతో పోరాడి మరణించినపుడు ఆ ముసలి సుల్తాను పగలు సభలో ముఖమున విచారము పొడసూపనీయక, రాత్రి ఒంటరిగ విలపించెడివాడని బరనీ వ్రాసియున్నాడు.

మన ఓరుగల్లునకును ఈ కథతో సంబంధము కలదు. 1310లో మట్టికోటను ఛేదించి, రాతికోటను చుట్టుముట్టి, ప్రతాపరుద్రుని సంధికి దిగునట్లు చేసిన మలిక్ కాఫూరు, ఖంభాతు రేవునుండి ఢిల్లీకి పోయిన బానిస. వెయ్యి దీనారముల వాడని అతనికిని, కలావూనునకువలె, వెలయే బిరుదము. 1316లో ఢిల్లీ సుల్తాను అలాఉద్దీను మరణింపగా పసివానినొకనిని సింహాసనమున నిలిపి ముప్పదియైదు దినములు తానే ఏలి హతుడయ్యెను. 1323లో ప్రతాపరుద్రునితోబాటు చెఱపడి వెళ్లిన కాకతీయుల అధికారి గన్నమ నాయకుడు మలిక్ మక్బూలు అను పేర ఫిరోజ్‌షా తుగ్లకు మహామంత్రియయ్యెను. అతడు క్రీతయోధుడు కాకపోయినను, ఓటమి నుండి అధికారమునకు ఎక్కిన ఆ సోపానము ఇంచుమించు అదే. విశేషమేమనగా అతని పిదప ఆ మంత్రిపదవి అతని కుమారునికే దక్కినది. కైరోలో ఏ అమీరును నిశ్చింతగ ఆశింపలేని భాగ్యమది.

కైరోలో నివసించిన మహాచరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూను, నాగరిక సుఖములచే బలహీనమైన రాజ్యమును రక్షించుటకై దైవము పంపిన వరముగ ఈ పద్ధతిని కీర్తించెను. బానిసత్వపు ముసుగులో అనుగ్రహమే దాగియున్నదని ఆయన భావము. రాజ్యము పక్షమున చూచినపుడు ఆ మాటలో బలము లేకపోలేదు. గడ్డిమైదానమున బిడ్డను పోగొట్టుకొన్న తల్లి పక్షమున చూచినపుడు నేను ఆ మాటను అంగీకరింపజాలను. కొందఱు సుల్తానులు తరువాత తమవారిని వెదకి పిలిపించుకొనిరి. బర్కూకు తండ్రి సర్కాసియా నుండి వచ్చి కొడుకును చేరెను. అట్టి భాగ్యము ఎందఱికి దక్కును?

1516 ఆగస్టులో మర్జ్ దాబిక్ యుద్ధమున ఉస్మానీయ సుల్తాను సెలీము ఫిరంగులకును, తుపాకులకును ఎదురుగ మమ్లూకుల అశ్వబలము నిలువలేకపోయెను. తుపాకి పట్టుట ఆశ్వికుని మర్యాదకు తగదని ఏవగించుకొనినవారు వారు. వృద్ధ సుల్తాను గౌరీ ఆ రంగముననే మరణించెను. 1517 ఏప్రిలులో కడపటి సుల్తాను తూమాన్ బేను జువైలా ద్వారమున ఉరితీసిరి.

ఈ విషయములు మనకు ఇంత వివరముగ తెలియుటకు కారణము, సింహాసనమునకు గాని, మమ్లూకుల శ్రేణిలో చేరుటకు గాని హక్కు లేకపోయిన ఆ కుమారులే. తండ్రులు ఖడ్గముతో సంపాదించినది తమకు దక్కదని ఎఱిగి వారిలో పలువురు చదువు వైపు మరలిరి. అమీరు కుమారుడు సఫదీ పద్నాలుగు వేలకు పైబడిన జీవితచరిత్రలను సంకలనము చేసెను. బర్కూకు కొన్న తగ్రీబిర్దీ దమస్కసు పాలకుడై మరణింపగా, అతని పసిబిడ్డడు పెరిగి పెద్దవాడై, ఇబ్న్ తగ్రీబిర్దీ యను పేర ఈజిప్టు రాజుల చరిత్రను సంవత్సరము వెంట సంవత్సరముగ వ్రాసెను. మమ్లూకు సంతతివాడే యైన ఇబ్న్ ఇయాసు, తూమాన్ బే ఉరిని, గుమిగూడిన జనుల రోదనమును, సెలీము కైరో శిల్పులను ఓడలకెక్కించి ఇస్తాంబులునకు తరలించిన సంగతిని, ధాన్యపు ధరలతో సహా, 1522 వరకు విడువక వ్రాసిపెట్టెను.